తాళంచెవికి కట్టిన దారం

యోసేపుకి పరుగు ఎప్పుడూ కష్టం కాలేదు. పరిగెత్తేటప్పుడు తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలన్నదే కష్టమైంది.

అది జానెడు పొడుగున్న ఇనప తాళంచెవి. తిరువూరులో జగన్నాథరావు గారి ఎరువుల గోడౌనుది. అక్కడ యోసేపు అటెండరు, కాటా మనిషి, కాపలాదారు. ముగ్గురి పనీ అతనిదే. పొద్దున ఏడింటికి తలుపు తియ్యాలి, సాయంత్రం ఏడింటికి వెయ్యాలి. అతనికి ముందు పనిచేసినవాడు ఓ రోజు తాళంచెవిని ఇంటి చూరులో దోపి సంతకెళ్లాడు. తిరిగొచ్చేసరికి గోడౌనులో నాలుగు యూరియా బస్తాలు లేవు. అది డెబ్బై నాలుగో సంవత్సరం. యూరియా కోసం రైతులు చెప్పులు క్యూలో పెట్టి చెట్టుకింద పడుకునే రోజులు. అప్పట్నుంచీ రావుగారిది ఒకటే మాట.

"తాళంచెవి నీ ఒంటిమీద ఉండాల్రా. ఒంటిమీంచి అది దిగిందా, నువ్వూ మా మెట్లు దిగినట్టే."

శనివారం సాయంత్రం మాత్రం రావుగారింటికి వెళ్లి దాన్ని అప్పజెప్పాలి. సోమవారం పొద్దున మళ్లీ తెచ్చుకోవాలి. ఇచ్చేటప్పుడు అరుగు మీద పెట్టి వెనక్కి జరగాలి. తీసుకునేటప్పుడు రావుగారి భార్య సరోజినీదేవి గారు అరుగు మీద నిలబడి, కింద చాచిన అతని దోసిట్లోకి మూరెడు ఎత్తునుంచి వదిలేవారు. యోసేపు తాత ఆ ఇంట్లో పాలేరుగా ఉన్నప్పుడు కొడవలి కూడా అలాగే పడేది. తాత బాప్తిస్మం తీసుకోకముందు ఎంత ఎత్తునుంచి పడిందో, తీసుకున్నాకా అంతే ఎత్తునుంచి పడింది. బెత్తెడు తేడా రాలేదు.

అందుకే యోసేపు పోలీసు కానిస్టేబులు కావాలనుకున్నాడు. పోలీసు లైన్లలో బూట్లూ, బెల్టూ, లాఠీ చేతికే ఇస్తారని ఎవరో చెప్పారు. ఆగస్టులో బందరులో ఎంపిక. అందులో పదిహేను వందల మీటర్ల పరుగుంది. యోసేపుకి ఇరవయ్యేడేళ్లు, అందరికీ పెట్టిన వయసు దాటిపోయింది. కులం సర్టిఫికెట్టు ఉన్నవాళ్లకి కొన్నేళ్లు సడలింపు ఇస్తారు కాబట్టి అతనికింకా ఆశ ఉంది. సర్టిఫికెట్టు లేకపోతే మైదానం గేటు కూడా దాటనివ్వరు.

తెల్లారుజామున గంపలగూడెం రోడ్డు మీద పరిగెత్తేవాడు. అటూ ఇటూ మామిడి తోటలు. రోడ్డు పక్కన పాత మైలురాళ్లు పీకలేదు, కొత్త కిలోమీటరు రాళ్లు వాటి మధ్యలో పాతారు. ఏ రాయి నుంచి ఏ రాయి దాకా పరిగెడితే పదిహేను వందల మీటర్లవుతుందో తేల్చుకోవడానికే వారం పట్టింది. ఆ తర్వాత తాళంచెవి గొడవ మొదలైంది.

నిక్కరు మిషను స్కూల్లో ఫుట్‌బాల్ ఆడినప్పటిది. జేబుల్లేవు. తాళంచెవి చేత్తో పట్టుకుంటే ఆ చెయ్యి బరువై భుజం ఒకపక్కకి లాగేది. పళ్ల మధ్య పెట్టుకుంటే ఊపిరాడేది కాదు. మెళ్లో కట్టుకుంటే అడుగడుక్కీ రొమ్ము మీద కొట్టేది. పైగా తల తిరిగితే నోట్లో వేసుకొమ్మని వాళ్లమ్మ రిబ్కా కాగితంలో చుట్టిచ్చే బెల్లంముక్క ఒకటి, ఇంటి తలుపు చిన్న తాళంచెవి ఒకటి. అన్నీ కలిపి తువ్వాల్లో మూటగట్టి నడుముకి చుట్టుకుంటే రెండో రాయి దగ్గర ముడి జారింది. ఆఖరికి నిక్కరు బొందుకే కట్టాడు. వంద గజాలు బాగానే ఉంది. తర్వాత తాళంచెవి బరువుకి నిక్కరు దిగడం మొదలెట్టింది. ఒక చేత్తో నిక్కరు పట్టుకుని పరిగెడుతున్న మనిషిని చూసి, నారు పీకడానికి పోతున్న ఆడవాళ్లు గట్టుమీద ఆగిపోయారు.

"ఒరే యోసేపూ, రావుగారి తాళానికేం కాదుగానీ, ముందు నీ పరువుకి తాళం వేసుకో!"

అందరూ ఒకటే నవ్వు. ఆ నవ్వులోనే అతనికి ఆలోచన తట్టింది. ఆ పక్క పొలంలో నాగలి దున్నే ముసలాయన గోచీ మీదున్నాడు, ఆయన మొలతాడుకి చుట్టకత్తి వేలాడుతోంది. ఎద్దుల వెనక ఎన్ని చాళ్లు తిరిగినా అది కదలడం లేదు.

యోసేపుకి మొలతాడు లేదు. చిన్నప్పుడు నాయనమ్మ దిష్టి తగలకుండా ఒకటి కట్టింది. పద్నాలుగో ఏట సంఘంలో చేర్చుకునే రోజున అప్పటి పాస్టరుగారు తొమ్మిదిమంది పిల్లల్ని వరసగా నిలబెట్టి, చొక్కాలు ఎత్తించి, మొలతాళ్లు కత్తెరతో కత్తిరించి ఇత్తడి పళ్లెంలో వేశాడు. పాత బతుకు పోయింది, కొత్త బతుకు వచ్చిందన్నాడు. యోసేపుకి ఆ రోజు గుర్తున్నదల్లా కత్తెర చల్లగా తగలడమే.

బస్టాండు దగ్గర గంపలో పూసలూ రిబ్బన్లూ పెట్టుకుని అమ్మే అక్కమ్మ దగ్గరికెళ్లాడు.

"మొలతాడొకటి ఇవ్వత్తా."

"ఎవరికిరా? పెళ్లే కాలేదు, కొడుకెట్టా పుట్టాడు?"

"నాకే."

"నీకా? మీవాళ్లు కట్టుకోరుగా?"

"నాకంటే నాకు కాదు. తాళంచెవికి."

"ఓరి నీ తెలివి తెల్లారా! తాళంచెవికి మొలెక్కడుందిరా?" అంది అక్కమ్మ. అంటూనే గట్టి నల్లదారం ఏరి ఇచ్చింది. "మూడు పేటలు వేసి కట్టు. ఇనుమాయె, తెంపుతుంది."

ఆమె చెప్పినట్టే కట్టాడు. తాళంచెవిని నడుం వెనక, నిక్కరు పట్టీ లోపలికి దోపాడు. చిన్న తాళంచెవి దాని పక్కన, బెల్లంముక్క నిక్కరు మడతలో. మర్నాడు రోడ్డెక్కితే ఒంటిమీద ఏమీ లేనట్టే ఉంది. మనసులో లెక్కపెట్టుకుంటూ పరిగెత్తితే ఆఖరి రాయి దగ్గరికి వచ్చేసరికి ముందుకంటే ముప్పై అంకెలు తగ్గాయి. ఆనందం పట్టలేక తోట కాపలావాడికి చెప్పాడు. వాడికేమీ అర్థం కాలేదు.

పరుగు కుదిరాక సర్టిఫికెట్టు కోసం కరణం ఆదిశేషయ్య గారి దగ్గరికి వెళ్లాడు. ఆయన రాసి పంపితేనే పైవాళ్లు సంతకం పెడతారు. ఆయన ముక్కుపొడి పీల్చి, కళ్లద్దాల మీంచి చూశాడు.

"ఏరా, ఆదివారం ఎక్కడికి పోతావు నువ్వు?"

"చర్చికండి."

"అయితే హరిజనుడివి కాదు. మతం మారినవాళ్లు వెనకబడిన తరగతుల్లోకొస్తారు. నువ్వు సంఘస్థుడివేనని మీ పాస్టరుతో ఉత్తరం రాయించుకురా. శుక్రవారం లోపల తే. ఆ తర్వాత తెచ్చినా నేనేం చెయ్యలేను."

"మా ఇల్లు హరిజనపేటలోనే గదండీ? పంచాయతీ కుళాయి కూడా మాకు వేరేగానే..."

"ఇల్లు హరిజనుడిదేరా. నువ్వు కాదు."

ఇల్లు ఒక కులం, అందులో ఉండే మనిషి ఒక కులం ఎలా అవుతారో యోసేపు దారంతా ఆలోచించుకున్నాడు. ఆలోచించాల్సింది అతను కాదు. ఆ పేటకి మతం మారక ముందు ఏ బావిలో నీళ్లు లేవో, మారాకా అదే బావిలో లేవు. ఆ సంగతి చూడ్డానికి ఏ రిజిస్టరూ అక్కర్లేదు, కళ్లుంటే చాలు. సరే, ఉత్తరమే గదా, ఆదివారం అడుగుదాం అనుకున్నాడు.

ఆదివారం పొద్దున తోటలో మోటారు కింద స్నానం చేస్తుంటే సమాధానంగారు వచ్చాడు. ఆయన మిషను స్కూల్లో పంతులుగా చేసి రిటైరైన మనిషి, సంఘం పెద్ద. యోసేపుకి అక్షరాలు నేర్పింది ఆయనే. తడి తువ్వాలు కిందికి జారిన చోట ఆయన చూపు ఆగిపోయింది. తాళంచెవి ఉంటే సంగతి తేలిపోయేదేమో. కానీ శనివారం సాయంత్రమే అది రావుగారింటికి వెళ్లిపోయింది, అమ్మ ఇంట్లోనే ఉంది కాబట్టి చిన్నది తేలేదు. నడుముకి మిగిలింది మూడు పేటల నల్లదారం ఒక్కటే.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాడు సమాధానంగారు.

పరుగు గురించి అడుగుతున్నాడనుకుని, "నెల పైనే అయిందండి. బాగా అలవాటైపోయింది" అన్నాడు యోసేపు సంతోషంగా.

ఆ పూట చర్చిలో ప్రభువు బల్ల, రొట్టే ద్రాక్షరసం పంచే ఆరాధన. అందరితోపాటు యోసేపూ మోకాళ్లూని చేతులు చాచాడు. రొట్టెపళ్లెం ఎడమపక్క మనిషి దగ్గర ఆగింది, కుడిపక్క మనిషి దగ్గర ఆగింది. మధ్యలో అతని దోసిలి అలాగే ఉంది. తను మర్చిపోయి వెనక్కి జరిగాడేమోనని యోసేపు ఇంకొంచెం ముందుకి చాచాడు. పాస్టరుగారు తిరిగి చూడలేదు.

బయటికొచ్చాక ఉత్తరం సంగతి ఎత్తితే పాస్టరుగారు నేలచూపులు చూశాడు. "మంగళవారం కమిటీ కూర్చుంటుంది. అక్కడ మాట్లాడదాం నాయనా."

మంగళవారం సాయంత్రం చర్చి వరండాలో పాస్టరుగారు కుర్చీలో, అయిదుగురు పెద్దలు బెంచీల మీద కూర్చున్నారు. యోసేపు నిలబడ్డాడు. కలుపు తీసి నేరుగా వచ్చిన రిబ్కా మెట్టుమీద కూర్చుంది, కాళ్లకి ఇంకా బురద ఆరలేదు.

"నువ్వు మళ్లీ వెనక్కి పోయావని సంఘమంతా అనుకుంటోంది" అన్నాడు సమాధానంగారు.

"వెనక్కెక్కడండీ, రోజూ గంపలగూడెం వైపే పోతన్నా."

"పరాచికాలొద్దు. ఆ దారం ఏంటి?"

యోసేపు చొక్కా ఎత్తి, వెనక్కి తిరిగాడు. తాళంచెవి కనపడింది. పెద్దలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇది ఇవాళ తగిలించావు. ఆదివారం లేదుగా?"

"ఆదివారం అది రావుగారింట్లో ఉంటుందండి."

"అయితే ఆదివారం దారం విప్పాలిగా?"

"మూడు పేటలండీ. ముడి రాదు."

చివర్న కూర్చున్న పెద్దాయన ఒకడు, మంచివాడే, దారి చూపిద్దామని, "నల్లది కాబట్టే గదా అనుమానం. తెల్లదారం కట్టుకో రాదూ?" అన్నాడు.

"తెల్లదైతే జంధ్యం అంటారు."

"ఎర్రది?"

"ఎర్రది తిరపతి నుంచి తెచ్చుకున్నాడంటారు."

"మరి క్రైస్తవులకి ఏ రంగు దారమయ్యా?"

దానికి సమాధానంగారి దగ్గర కూడా జవాబు లేదు. తాళంచెవి తల్లికిచ్చి పరిగెత్తమని ఒకరన్నారు. "చీకటితో నేను నాట్లకి పోతా, నా వెంట వచ్చి మడిలో పరిగెత్తమంటారా?" అంది రిబ్కా. రావుగారింట్లో ఇచ్చిపొమ్మని ఇంకొకరన్నారు. అయిదింటికి ఆ అరుగు దగ్గరికి మనవాణ్ణి రానిస్తారా అని వాళ్లలో వాళ్లే అనుకుని ఊరుకున్నారు. అయిదుగురు పెద్దమనుషులు గంటసేపు ఒక తాళంచెవిని ఎక్కడ పెట్టాలో తేల్చలేకపోయారు. యోసేపు ఎవరు మాట్లాడితే వాళ్లవైపు తిరుగుతూ, శుక్రవారానికి ఇంకా ఎన్ని రోజులున్నాయో వేళ్లమీద చూసుకుంటున్నాడు.

అప్పుడు రిబ్కా లేచి పాస్టరుగారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, తెలీకడుగుతా. ఆదివారం మీరు తెల్ల అంగీ మీద నడుముకి ఒక తాడు కడతారు. దానికి కుచ్చులు కూడా ఉంటాయి. అదేం తాడండీ?"

"రిబ్కమ్మా!" అన్నాడు సమాధానంగారు.

"తప్పయితే క్షమించండి. నా బిడ్డ కట్టుకుంటే పాపం, మీరు కట్టుకుంటే పరిశుద్ధమా అని అడగట్లా. తేడా ఏంటో చెప్తే నేర్చుకుంటా. అంతే."

పాస్టరుగారికి ముందు కోపం వచ్చినట్టుంది, తర్వాత నవ్వు వచ్చినట్టుంది. రెండూ ఆపుకున్నాడు. "అది... బట్టల మీద కట్టేదమ్మా. లోపల కాదు."

మునిగిపోతున్నవాళ్లకి గట్టు దొరికినట్టయింది. కమిటీ వెంటనే పుస్తకం తెరిచి తీర్మానం రాసుకుంది: దారం బట్టల మీద కట్టినచో నడికట్టు, బట్టల లోపల కట్టినచో మొలతాడు. యోసేపు ఇకమీదట బనీను మీద కట్టుకోవాలి. ఇప్పుడున్నది కత్తిరించాలి. అది కత్తిరించగానే ఉత్తరం ఇవ్వాలి. కత్తెర తెచ్చింది సమాధానంగారే. ఆయనే దారం కత్తిరించాడు. "పరిగెత్తడానికని ఆ రోజే చెప్పొచ్చుగదరా" అన్నాడు మెల్లిగా.

"పరుగు గురించేననుకున్నానండీ మీరడిగింది."

ఉత్తరం చేతికొచ్చింది. బుధవారం మధ్యాహ్నం భోజనానికని గోడౌను మూసిన అరగంటలో యోసేపు పరిగెత్తుకుంటూ కరణంగారింటికి వెళ్లాడు. ఆయన అతన్ని చూడగానే, "రారా, నీ పని అయిపోయింది" అంటూ సొరుగులోంచి కాగితం తీసి అరుగు మీద పెట్టాడు. ముద్ర ఉంది, సంతకం ఉంది. యోసేపు తండ్రి పేరు, ఊరు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కింద మాత్రం 'హిందూ హరిజనుడు' అని ఉంది.

"ఇదేంటండీ?"

"నువ్వు మొలతాడు కట్టావటగా. ఆదివారం మీవాళ్లు నీకు రొట్టె కూడా పెట్టలేదట. ఊరంతా తెలిసింది. తిరిగొచ్చినవాడు మళ్లీ హరిజనుడే, చట్టం అంతే. పోనీలే అని నేనే తొందరపెట్టి సంతకం చేయించా."

యోసేపు పాస్టరుగారి ఉత్తరం దాని పక్కన పెట్టాడు. ఆదిశేషయ్య గారు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"మళ్లీ ఎప్పుడు మారావురా?"

"నేనెక్కడికీ మారలేదండి. అక్కడే ఉన్నా."

"ఆదివారం అటు, మంగళవారం ఇటు! నీ వెంట నా రిజిస్టరు పరిగెత్తలేదురా నాయనా."

"ఇది కొట్టేసి అది రాయండి."

"సంతకమైన కాగితం కొట్టేస్తే నా మెడకి చుట్టుకుంటుంది. రెండూ పట్టుకుపో. అక్కడ ఏది అడిగితే అది చూపించు."

ఆ సాయంత్రం రిబ్కా రెండు కాగితాలూ చదివించుకుంది. ఆమెకి చదువు రాదు. ఒకదాన్ని ఒకదాని మీద పెట్టి చూసింది. "రెండింట్లోనూ మీ నాన్న పేరు ఒకటే. మన పేట పేరు ఒకటే. మరి తేడా ఎక్కడొచ్చిందిరా?"

"కిందమ్మా. ఆఖర్న."

"పాస్టరుగారి ఉత్తరం ఇంట్లో పెట్టి పోతే?"

"కరణంగారి కాగితం ఒక్కటే చూపిస్తే పని జరుగుతుంది. కానీ అబద్ధం అవుతుంది. ఎవడో ఒకడు పైవాళ్లకి అర్జీ రాసి పడేస్తాడు."

ఆమె రెండు కాగితాలూ మడిచి అతని చేతికిచ్చింది. "అబద్ధం ఆడమని నేను చెప్పలేను నాయనా. ఆడొద్దని కూడా చెప్పలేను. నాకేం పాలుపోటం లేదు."

అతనికీ పాలుపోలేదు. మూడువారాల తర్వాత తాళంచెవి రావుగారి అరుగు మీద పెట్టి, రెండు కాగితాలతోనే బందరు బస్సెక్కాడు.

మైదానంలో బల్ల ముందు చాలా పెద్ద వరస. గుమాస్తా తల ఎత్తకుండా పేరడిగాడు. యోసేపు చెప్పాడు. సర్టిఫికెట్టు అన్నాడు. యోసేపు రెండూ ఇచ్చాడు. గుమాస్తా అప్పుడు తల ఎత్తాడు.

"యోసేపు అంటావు, హిందువంటావు. చర్చి ఉత్తరం ఇస్తావు. నువ్వు ఎవరివయ్యా?"

యోసేపు మొదట్నుంచీ చెప్పడం మొదలెట్టాడు. గోడౌను దగ్గర మొదలుపెట్టి నల్లదారం దాకా వచ్చేసరికి గుమాస్తా చెయ్యెత్తి ఆపాడు. "అవతల నిలబడు."

అవతల అప్పటికే నలుగురున్నారు. మధ్యాహ్నానికి పధ్నాలుగు మందయ్యారు. వినగడప నుంచి వచ్చిన అంతోనయ్య అనే కుర్రాడికి కాగితం ఒకటే ఉంది, కానీ అందులో అతను హరిజనుడు కాదు, తమ్ముడి కాగితంలో తమ్ముడు మాత్రం హరిజనుడు. అందరి కథలూ వేరు, అందరి పేటలూ ఒక్కలాంటివే. ఎండ మాడ్చేస్తోంది. తమని పరిగెత్తనిస్తారో లేదో ఎవరికీ తెలియదు. అడిగితే ఉన్న అవకాశం కూడా పోతుందేమోనని ఎవరూ అడగలేదు.

మూడింటికి ఒక ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. "వీళ్లెవరు?"

"తేలనివాళ్లు సార్."

"ముందు పరిగెత్తించండి. తర్వాత తేల్చుకుందాం. ఎవరి కాగితాలు వాళ్ల దగ్గరే ఉంచుకోండి, పోగొట్టుకుంటే మాకు సంబంధం లేదు."

కాగితాలు పెట్టుకోవడానికి చోటెక్కడ? చొక్కాలు విప్పించేశారు. ఎవరో నిక్కరులో దోపుకున్నారు, ఎవరో నోట కరుచుకున్నారు. యోసేపు రెండింటినీ కలిపి మడిచి, బనీను లోపల ఎడమ రొమ్ము మీద పెట్టుకుని, బనీను అంచు నిక్కరులోకి బిగించాడు. ఈల వేశారు.

తిరువూరులో నేర్చుకున్న పరుగంతా ఆ మైదానంలో పెట్టాడు. ఊపిరి సరిగ్గా ఆడింది, భుజాలు సమంగా ఉన్నాయి. మూడో చుట్టులో పక్కవాళ్ల చప్పుడు వెనకబడింది. ఆఖరి చుట్టులో అతని ముందు ఎవరూ లేరు. గీత దాటాక గడియారం పట్టుకున్న మనిషి "శభాష్, పొద్దుట్నుంచీ అన్నిటికంటే ఇదే మంచి టైము" అని బల్లవైపు కేకేశాడు.

యోసేపు రొప్పుతూ బల్ల దగ్గరికి వెళ్లి, బనీనులోంచి కాగితాలు తీశాడు. చెమటకి రెండూ అతుక్కుపోయాయి. గుమాస్తా గోటితో మెల్లిగా విడదీశాడు. కరణంగారి సిరా పాస్టరుగారి ఉత్తరం మీదికి దిగింది, పాస్టరుగారి సిరా కరణంగారి ముద్ర మీదికి ఎక్కింది. ఊరి పేరు కనపడుతోంది, తండ్రి పేరు కనపడుతోంది. కింది రాత రెండింట్లోనూ నీలం మచ్చ.

గుమాస్తా పెద్ద పుస్తకం తెరిచాడు. పేరు రాశాడు. కులం అని ఉన్న గడి దగ్గర ఆగాడు.

"ఇది నింపందే టైము రాయకూడదయ్యా. ఏమని రాయను?"

యోసేపుకి ఊపిరి ఇంకా కుదురుకోలేదు. వెనక పదముగ్గురు నిలబడి వింటున్నారు. ఏం చెప్తే వాళ్లకి మేలో, ఏం చెప్తే తనకి మేలో, ఏది చెప్తే అమ్మ మొహం చూడగలడో, అన్నీ ఒకేసారి ముందుకొచ్చాయి.

"ఏదో ఒకటి చెప్పు, పొద్దుపోతోంది."

"నేను పరిగెత్తింది మీరంతా చూశారు గదండీ," అన్నాడు యోసేపు. "ముందు అది రాయండి. నేనెవరో మీరూ, కరణంగారూ, పాస్టరుగారూ కూర్చుని తేల్చుకుని, నాక్కూడా ఓ ఉత్తరం ముక్క రాయండి."

గుమాస్తా ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఆయన అప్పటికే జీపు వైపు నడుస్తున్నాడు. గుమాస్తా కాసేపు పుస్తకం వైపు, కాసేపు ఆ పధ్నాలుగుమంది వైపు చూసి, పెన్నుకి మూత పెట్టి, చెవి మీదున్న పెన్సిలు తీసి టైము గడి మీద ఆనించాడు.